కొత్త ఏరియాలో మొదటి రోజులు: యువ మిషనరీ ఎలా మొదలుపెట్టాలి?

ట్రాన్స్‌ఫర్ రోజు, అంటే ఒక చోటి నుంచి మరో చోటికి మారే రోజు, సాయంత్రం ఎన్నడూ చూడని ఊళ్లో దిగుతారు. ఛాతీ మీద నల్లటి పేరుపట్టీ, రెండు చేతుల్లో రెండు పెట్టెలు. ఎదురుగా నిలబడి నవ్వుతున్న మనిషి పేరు తెలిసి నాలుగు రోజులైనా కాలేదు. ఇక నుంచి అతనే మీ కంపానియన్, అంటే మీ జంట మిషనరీ. ఒకే ఇంట్లో ఉండాలి, ఒకే దారిన నడవాలి.

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం తరఫున యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు మిషనరీలుగా సేవ చేస్తారు. సుమారు 6 వారాలకొకసారి ఈ మార్పులు జరుగుతుంటాయి. ఎవరు ఏ ఏరియాకు, అంటే ఒక జంట పనిచేసే ప్రాంతానికి, వెళ్లాలో, ఎవరు ఎవరితో జంటగా ఉండాలో అక్కడి మిషనరీలందరినీ చూసుకునే మిషన్ ప్రెసిడెంట్ నిర్ణయిస్తారు. నా రెండేళ్లలో నేను ఐదు ఏరియాల్లో పనిచేశాను. మొదటి రెండు చోట్లా ఒకే పొరపాటు చేశాను: దిగిన మర్నాటి నుంచే బోధించాలని ఆరాటపడ్డాను. అక్కడి మనుషులు, వాళ్ల సుఖదుఃఖాలు నాకన్నా ముందు నుంచే అక్కడ ఉన్నాయన్న సంగతి గుర్తుకు రాలేదు. కొత్త చోట మొదటి వారమంతా వినడానికే కేటాయించాలి. అది ఎలాగో వరసగా చెబుతాను.

1. మొదటి సాయంత్రం కంపానియన్‌కు ఇవ్వండి

పెట్టెలు సర్దుకోవడం తర్వాత చూసుకోవచ్చు. ముందు అతనితో కూర్చుని మాట్లాడండి. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, నిద్ర ఎలా పడుతుంది, ఒంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా, దేనికి చిరాకు వస్తుంది, దిగులుగా ఉన్నప్పుడు పలకరిస్తే బాగుంటుందా, కాసేపు వదిలేస్తే బాగుంటుందా అని అడగండి. ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి. మిషనరీలిద్దరూ ఎప్పుడూ ఒకరికొకరు కనిపించేంత, వినిపించేంత దూరంలో ఉండాలన్నది నియమం. అంత దగ్గరగా బతికేటప్పుడు చెంచా కడగకుండా వదిలేసిన విషయం కూడా కొండంత అవుతుంది. వారపు ప్రణాళిక వేసుకున్న తర్వాత ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకోవడానికి కొంత సమయం పెట్టుకునే అలవాటు మిషనరీల్లో ఉంది. దాన్ని మొదటి వారం నుంచే పాటించండి.

మీరు శిక్షణ కేంద్రం నుంచి నేరుగా వచ్చినవారైతే, మీ మొదటి కంపానియన్ మీకు శిక్షకుడు కూడా. ఆ శిక్షణ సాధారణంగా 12 వారాలు సాగుతుంది. తెలియనిదేదైనా ఆ రోజుల్లోనే అడిగేయండి. అతనికి మీకన్నా ఒకటి రెండేళ్ల వయసే ఎక్కువ ఉండవచ్చు, ఒక్కోసారి మీకన్నా చిన్నవాడే కావచ్చు. అయినా ఆ ఇళ్లు, ఆ మనుషులు అతనికి తెలుసు.

2. రికార్డు నిదానంగా చదవండి

ఒకప్పుడు ప్రతి ఏరియాకూ ఒక లావుపాటి ఫైలు ఉండేది. ఇప్పుడు అదంతా మిషనరీల ఫోనులోని యాప్‌లోకి చేరింది. ఎవరెవరిని కలిశారు, ఎవరికి ఏ పాఠం చెప్పారు, ఎవరు రావద్దన్నారు, ఎవరు కొన్నాళ్లుగా ఆరాధనకు రావడం మానేశారు వంటివన్నీ అందులో ఉంటాయి. ఉదయం 6.30కు లేచి చదువుకు కూర్చునే అలవాటు మీకు ఎలాగూ ఉంటుంది. మొదటి మూడు రోజులు ఆ పూటలో కొంత దీనికి పెట్టండి. పేర్లు బిగ్గరగా చదవండి. కంపానియన్‌ను పిలిచి సరిగ్గా పలకడం నేర్చుకోండి. తన పేరును సరిగ్గా పలికిన కొత్త మనిషి ముందు ఎవరికైనా మనసు కాస్త తెరుచుకుంటుంది.

అయితే ఆ రికార్డును పూర్తిగా నమ్మకండి. నేను నమ్మాను. నా రెండో ఏరియాలో ఒక పెద్ద వయసు దంపతుల వివరాలు చూసి, కంపానియన్‌ను తొందరపెట్టి ఆ ఇంటికి తీసుకువెళ్లాను. అతను కూడా ఆ ఏరియాకు కొత్తే. తలుపు తీసినావిడ మమ్మల్ని ఆదరంగా లోపలికి పిలిచారు. గుమ్మం పక్కన మగవాళ్ల బూట్లు ఒక జత, మెరిసేలా తుడిచి పెట్టి ఉన్నాయి. వాటిని చూసి, "అయ్యగారు ఇంట్లోనే ఉన్నారా?" అని అడిగాను. ఆవిడ ఆ బూట్ల వైపు చూశారు. నాలుగు నెలల క్రితం పోయారని చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆవిడ మాత్రం మమ్మల్ని పంపించేయలేదు. అరగంట సేపు ఆయన గురించే చెప్పారు. ఆయన వడ్రంగి పని నేర్చిన తీరు, పెళ్లయిన కొత్తలో ఆమె కోసం చేసిన కుర్చీ, ఆఖరి రోజుల్లో ఆయన చేతులు వణకడం. మేము పాఠం తెరవలేదు. వెళ్లేముందు ప్రార్థన చేయమని ఆవిడే అడిగారు.

3. బిషప్‌ను ముందుగా కలవండి

ఆ పొరపాటు జరగకుండా ఉండాలంటే ఒక్క ఫోను చాలు. ఏరియాలో వార్డు (స్థానిక సభ్యుల సమాజం) ఉంటే దాన్ని నడిపించే బిషప్, అంతకన్నా చిన్న శాఖ ఉంటే శాఖాధ్యక్షుడు మీకు మొదట తెలియవలసిన మనిషి. వాళ్లు జీతం తీసుకోరు. పగలు ఉద్యోగం, సాయంత్రం సంఘం పని, మధ్యలో ఇల్లు. కాబట్టి వాళ్లకు వీలైన సమయం అడిగి, పదిహేను నిమిషాల్లో ముగించండి. ఈ మూడు విషయాలు అడిగితే చాలు: ఇప్పుడు కష్టంలో ఉన్నవారు ఎవరు? మేము వెళ్లకూడని ఇల్లు ఏదైనా ఉందా? ఈ వారం మేము చేతులతో చేయగల సాయం ఏమిటి? వార్డు మిషన్ లీడర్, అంటే వార్డులో మిషనరీ పని చూసుకునే సభ్యుడు, ఉంటే ఆయనను కూడా అదే వారంలో కలవండి.

4. ఏరియా అంతా నడిచి చూడండి

పటం చూస్తే దారి తెలుస్తుంది, ఊరు తెలియదు. ఒక పూట నడవండి. ఏ సమయంలో ఎవరు ఇంటికి చేరుతున్నారో, చీకటి పడ్డాక ఏ దారి మంచిది కాదో గమనించండి.

5. ఆదివారం

కూడిక మొదలవడానికి అరగంట ముందే వెళ్లండి. కుర్చీలు సర్దేవారితో కలిసి సర్దండి. ఒంటరిగా కూర్చున్నవారి పక్కన కూర్చోండి. నెలలో మొదటి ఆదివారమైతే ఉపవాసం ఉంటుంది, సభ్యులు లేచి తమ సాక్ష్యం చెప్పుకుంటారు. కొత్త మిషనరీని మాట్లాడమని పిలవడం మామూలే. అప్పుడు మీ గొప్పలు వద్దు. మీరు నిజంగా నమ్మేది రెండు మూడు మాటల్లో చెప్పి కూర్చోండి. భాష కొత్తదైతే తప్పులు వస్తాయి. తప్పులతోనే చెప్పండి. వాళ్లు మీ వ్యాకరణం చూడరు.

6. తలుపు తట్టినప్పుడు

మీరెవరో మొదటి వాక్యంలోనే చెప్పండి. జనం మిమ్మల్ని మోర్మన్లు అంటారు. 2018లో అప్పటి సంఘాధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ సంఘాన్ని పూర్తి పేరుతో పిలవాలని గట్టిగా కోరారు. అందుకే ముందు పూర్తి పేరు చెప్పండి. ఎదుటివారు తెల్లబోతే, "మోర్మన్లు అని మీరు విని ఉంటారు" అని కలపడంలో తప్పు లేదు. వద్దన్నవారికి కృతజ్ఞత చెప్పి వెంటనే కదలండి. గడప దగ్గర వాదన పెట్టుకుని గెలిచిన మిషనరీని నేను చూడలేదు. ఎవరింట్లోనైనా పిల్లలు ఏడుస్తుంటే, పొయ్యి మీద వంట ఉంటే, మరో రోజు వస్తామని మీరే అనండి.

7. ఇంటి మీద బెంగ

దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. సాధారణంగా రెండో రోజో మూడో రోజో, రాత్రి దీపం ఆర్పే వేళకు వస్తుంది. 10.30కు పడుకోవాలి, కళ్లు మూతపడవు. అమ్మ గొంతు వినాలనిపిస్తుంది. ఇది విశ్వాసం తక్కువై వచ్చేది కాదు. ప్రేమించే ఇల్లు ఉంది కాబట్టి వచ్చేది.

2019 ఫిబ్రవరికి ముందు మిషనరీలు వారానికొకసారి ఈమెయిల్ రాసుకునేవారు, ఇంటికి ఫోను మాత్రం ఏడాదికి రెండుసార్లే. ఇప్పుడు వారంలో ఒక రోజు, బట్టలు ఉతుక్కుని సరుకులు తెచ్చుకునే సన్నాహక దినాన, ఇంటివాళ్లతో ఫోనులోనో వీడియోలోనో మాట్లాడవచ్చు. మాట్లాడేటప్పుడు అంతా బాగుందని అబద్ధం చెప్పకండి. అలాగని ఏడుపుతోనే ముగించకండి. ఆ వారం కలిసిన ఒక్క మనిషి గురించి వివరంగా చెప్పండి. వాళ్లకు మీ ఏరియా కళ్లముందు కనబడుతుంది, మీకూ ఆ ఊరు కొంత మీదవుతుంది. బెంగ వారాల తరబడి తగ్గకపోయినా, తిండి సహించకపోయినా కంపానియన్‌కు, మిషన్ ప్రెసిడెంట్‌కు చెప్పండి. దాచుకుని నలిగిపోయిన కుర్రాళ్లను చూశాను. చెప్పినవారే త్వరగా తేరుకున్నారు.

8. ఆ రాత్రే రాసి పెట్టండి

ఎవరింటికి వెళ్లినా పడుకోబోయే ముందు నాలుగు వాక్యాలు రికార్డులో చేర్చండి. ఏ పాఠం చెప్పారో రాస్తే సరిపోదు, ఆ మనిషికి ఏది ముఖ్యమో రాయండి. ఆ మనిషే పక్కన కూర్చుని చదివినా నొచ్చుకోని మాటలే రాయండి.

నా రెండో ఏరియాలోని ఆ పెద్దావిడ ఇంటి వివరాల్లో ఆమె భర్త చనిపోయిన సంగతి చేర్చాను. ఆయన వడ్రంగి అని, ఆవిడకు ఆయన గురించి మాట్లాడటం ఇష్టమని కూడా రాశాను. నేను ఆ ఏరియా వదిలి వెళ్లాక వచ్చిన ఎల్డర్ (యువ మిషనరీలను అలా పిలుస్తారు) కొన్ని వారాల తర్వాత నాకు ఉత్తరం రాశాడు. మొదటిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు వరండాలో ఉన్న కుర్చీని చూసి, అది ఆయన చేతి పనేనా అని అడిగాడట. ఆవిడ లేచి వచ్చి, కూర్చుని చూడమన్నారట.