చెరువులో గడ్డిమందు కొట్టే ముందు చేపల సంఘాలు చూసుకోవాల్సినవి

మే నెల వచ్చిందంటే మా సంఘంలో అందరి చూపూ మృగశిర కార్తె మీదే ఉంటుంది. జూన్ మొదటి వారం దాటగానే వచ్చే ఆ రోజున తెలంగాణలో చేపల కూర వండని ఇల్లు తక్కువ. ఆ రెండు మూడు రోజుల రేటు కోసమే బొచ్చెలు, రవ్వలు కిలోన్నర, రెండు కిలోలు తూగుతున్నా పట్టకుండా చెరువులో ఆపుకుంటాం. సరిగ్గా అప్పుడే నీళ్లు అడుగంటుతాయి. గుర్రపు డెక్క మాత్రం మిగిలిన నీళ్లను కమ్మేస్తుంది. వానలు పడకముందే దాన్ని వదిలించుకోవాలని ఊళ్లో మాట మొదలవుతుంది. "గడ్డిమందు కొట్టిస్తే వారంలో మాడిపోతుంది" అని ఎవరో ఒకరు అంటారు. మాడిపోతుంది, నిజమే. ఆ తర్వాత ఏమవుతుందో మా చెరువులో ఒకసారి చూశాం. అందుకే ఇది రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట డెక్క వదిలించడానికి వచ్చిన కాంట్రాక్టరు మనుషులు రెండు రోజుల్లో చెరువు మొత్తానికీ మందు కొట్టేశారు. మూడో రోజు చేపలు ఎప్పటిలాగే ఎగిరాయి, వలలో పడ్డవి కూడా బాగున్నాయి. హమ్మయ్య అనుకున్నాం. ఐదో రోజుకు ఆకులు ఎండిన పొగాకులా ముడుచుకున్నాయి. పదో రోజుకు కాడలు మెత్తబడి నీళ్లలోకి కుంగాయి. ఆ రాత్రి మబ్బు పట్టి ఉంది, ఆకు కదల్లేదు. తెల్లారుజామున కట్ట మీదికి వెళ్లిన మా చిన్నాన్న ఫోన్ చేసి, "చేపలన్నీ మూతులు పైకి పెట్టినయ్‌రా, తొందరగా రా" అన్నాడు. నేను వెళ్లేసరికి చెరువంతా చప్పుడు. అన్ని నోళ్లు ఒకేసారి నీటి మీద తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే వచ్చే ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎండ ఎక్కేసరికి పెద్ద బొచ్చెలు తెల్లటి కడుపులు పైకి తిరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కొర్రమీన్లు మాత్రం బతికాయి.

కొర్రమీన్లు ఎందుకు బతికాయో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. కొర్రమీను పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. బొచ్చె, రవ్వ, మోసు నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్ మీదే బతకాలి. ఆ రోజు వాటికి అదే దొరకలేదు. బాగా అల్లుకున్న డెక్కను ఒక చదరపు మీటరు మేర తీసి కాటా వేస్తే 20 కిలోలు దాటుతుంది. ఎకరానికి లెక్క కడితే 80 టన్నులు. అందులో తొంభై శాతానికి పైగా నీరే అనుకున్నా, మిగిలిన టన్నుల కొద్దీ చెత్త చెరువులోనే కుళ్లాలి. అది కుళ్లడానికి కావాల్సిన ఆక్సిజన్ చేపల వాటాలోంచే పోతుంది.

పైగా ఎండాకాలం ఆ వాటా ముందే తక్కువ. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నరే పడుతుంది. బొచ్చె, రవ్వ లాంటి మన కార్పు చేపలు హాయిగా పెరగాలంటే 5 ఉండాలి. 3 కంటే తగ్గితే మేత ముట్టవు. 1 దగ్గరికి పడిపోతే తేలిపోతాయి. రాత్రంతా చేపలు, పాచి, బురద అన్నీ వాడుకోవడమే తప్ప తయారుచేసేది ఏదీ ఉండదు కాబట్టి, తెల్లవారే ముందు గంట అన్నిటికన్నా గండం. అందుకే సంఘం వాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: మందు కొట్టిన రోజు కంటే ఆ తర్వాతి మూడు వారాలు కళ్లు తెరుచుకుని ఉండాలి.

ముందే తేల్చుకోవాల్సినవి

డెక్కను అలాగే వదిలేయమని నేను అనను. దాని కింద నీళ్లకు వెలుతురు ఉండదు, గాలి తగలదు. వల దిగదు, తెప్ప కదలదు. రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. విత్తనం బురదలో పదిహేనేళ్లకు పైగా బతికి ఉంటుంది. తీయాల్సిందే. ఎప్పుడు, ఎంత అన్నదే అసలు విషయం.

చెరువులో అమ్మకానికి ఆపిన చేప ఉండగా మే నెలలో మందు కొట్టనివ్వకండి. తప్పదంటే ముందు చేప పట్టేయండి. మృగశిర రేటు పోతుందని బాధ ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ చచ్చిన చేపకు ఏ కార్తెలోనూ రేటు లేదు.

చెరువులో మూడో వంతు కంటే ఎక్కువ ఒకేసారి కొట్టకూడదు. మిగతా భాగానికి కనీసం రెండు వారాలు ఆగాలి. ఒక ఒడ్డు నుంచి మొదలుపెట్టి లోతు వైపు వెళ్తే చేపలు మంచి నీళ్లలోకి జరుగుతాయి. చుట్టూ కొట్టుకుంటూ మధ్యకు వస్తే వాటిని కుళ్లులో బంధించినట్టే. కొట్టిన భాగానికీ మిగతా దానికీ మధ్య వెదురు బొంగులు తాడుతో కట్టి అడ్డం వేస్తే, గాలికి చచ్చిన డెక్క చెరువంతా పరుచుకోకుండా ఆగుతుంది. మాడిన డెక్కను మునగకముందే లాగి ఒడ్డున వేయగలిగితే సగం గండం గడిచినట్టే. ఈ కూలీ ఖర్చు కాంట్రాక్టు కాగితంలోనే రాయించండి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

మందు కొట్టడానికి ముందు మూడు రోజులు వరసగా తెల్లారుజామున ఆక్సిజన్ కొలవండి. చుక్కల మందుతో రంగు చూసే చిన్న కిట్లు ఆక్వా షాపుల్లో దొరుకుతాయి. భీమవరం, కైకలూరు వైపు చేపల రైతులకు ఇది రోజువారీ పని. మన చెరువు సంఘాలకే ఇంకా అలవాటు కాలేదు. తెల్లారుజామున 4 కంటే తక్కువ చూపిస్తే నేనైతే ఆ వారం పంపు దింపనివ్వను. మబ్బు రోజుల్లోనూ అంతే.

డబ్బా మీద ఏముందో చదవండి

ఆకుపచ్చ త్రికోణం ఉంది కదా, చేపలకేం కాదని దుకాణంలో చెబుతారు. ఆ త్రికోణం రంగు మనుషులకు, పశువులకు ఎంత విషమో చెప్పడానికి పెట్టింది. చేపల సంగతి దానికి తెలియదు. లేబుల్‌లో నీటి కలుపుకు వాడవచ్చని రాసి ఉందా, చేపల గురించి ఏం హెచ్చరించారు, ఆ నీళ్లు పొలానికి ఎన్నాళ్లు పెట్టకూడదు: ఈ మూడూ చదవాలి. నీటి కలుపు మాట లేకపోతే ఆ డబ్బా కట్ట ఎక్కకూడదు. ఊరికి తాగునీరు ఆ చెరువు నుంచే అయితే అసలు మాటే వద్దు.

2,4-డి అని అందరూ ఒకే పేరుతో పిలిచే మందులో రకాలున్నాయి. 38 శాతం ఈసీ అని ఉంటే అది ఇథైల్ ఎస్టర్. 58 శాతం ఎస్ఎల్ అని ఉంటే అమైన్ సాల్ట్. ఎస్టర్ రకం చేపలకు చాలా ఎక్కువ విషం. ధర తక్కువని దాన్నే తెస్తారు, కాబట్టి డబ్బా మూత తీయకముందే సంఘం మనిషి చూడాలి. 2,4-డి కలిసిన నీళ్లు ఆయకట్టులో పత్తికి చేరితే ఆకులు బెండ ఆకుల్లా సన్నగా చీలిపోతాయి. టమాటా, మిరప కూడా తట్టుకోలేవు. తూము మూసి, ఆయకట్టు రైతులకు ముందే చెప్పకపోతే రేపు గొడవ మన మీదికే వస్తుంది.

గ్లైఫోసేట్ మందు కంటే దానిలో అంటుకోవడానికి కలిపే జిగురు రసాయనం చేపల మొప్పలకు, కప్ప పిల్లలకు ఎక్కువ చేటు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. "మా బావమరిది కొడతాడు" అనే ఏర్పాటుకు ఒప్పుకోకండి. పారాక్వాట్ అనే గడ్డిమందు విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. అది మనిషి కడుపులోకి పోతే విరుగుడు లేదు. ఒడ్డున పిల్లలు ఆడుకునే, గేదెలు దిగే చెరువులో దాని డబ్బా కనిపించడమే తప్పు.

నీళ్లు ఎర్రగా బురదగా ఉన్నప్పుడు గ్లైఫోసేట్, పారాక్వాట్ మట్టికి అంటుకుని పని చేయవు. పని చేయలేదని డోసు రెట్టింపు చేసి మళ్లీ కొడతారు. ఇంకొందరు ఆకుకు పట్టడానికి సర్ఫ్ కలుపుతారు. ఆ నురగ చేప మొప్పను తినేస్తుంది. కలిపేచోట మన మనిషి ఒకరు నిలబడితే ఈ రెండూ ఆగుతాయి. ఖాళీ డబ్బాలు, పంపు కడిగిన నీళ్లు చెరువులోకి పోకుండా చూడటం కూడా ఆ మనిషి పనే.

పాచి పోవడానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నీటి క్షారత ఎంతో తెలియకుండా వేయడం చాలా ప్రమాదం. క్షారత లీటరుకు 50 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉన్న మెత్తటి నీళ్లలో కొద్దిపాటి రాగి కూడా చేపను చంపుతుంది.

చేపలు తేలితే

తెల్లారుజామున పెద్దవి ముందుగా మూతులు పైకి పెట్టి, కొర్రమీన్లు మాత్రం తట్టుకుంటుంటే అది ఆక్సిజన్ కొరత. అందుబాటులో ఉన్న ఇంజన్లన్నీ పెట్టి చెరువు నీళ్లనే తోడి ఎత్తు నుంచి అదే నీటిలో పడేలా కొట్టండి. బోరు నీళ్లు వదిలేట్టయితే అవి కూడా గాల్లో చిమ్మేలా పడాలి, ఎందుకంటే బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ. పేడ, ఎరువు, మేత ఆపేయండి. పగలు, రాత్రి తేడా లేకుండా చిన్నా పెద్దా అన్నీ గిరగిరా తిరిగి వంకర ఈత ఈదుతూ చస్తుంటే మాత్రం విషం అని అనుమానించాలి.

రెండింటిలో ఏదైనా సరే, సాక్ష్యం ఆ ఉదయమే దొరుకుతుంది. మధ్యాహ్నానికి ఎండకు పాచి పని మొదలుపెట్టి ఆక్సిజన్ మళ్లీ పెరుగుతుంది. అప్పుడు వచ్చిన అధికారి కొలిస్తే "అంతా బాగానే ఉంది" అని రాసి పోతారు. మాకు జరిగింది అదే. కాబట్టి సూర్యుడు రాకముందే ఆక్సిజన్ కొలిచి, ఆ రీడింగుతో పాటు టైము కనిపించేలా ఫోటో తీయండి. శుభ్రమైన గాజు సీసాల్లో నీళ్లు, కొన ఊపిరితో ఉన్న రెండు మూడు చేపలు ఐసు పెట్టెలో భద్రపరచండి. ఉబ్బిపోయిన చేప పరీక్షకు పనికిరాదు. మత్స్యశాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలిపి, పంచనామా చేయించండి. మందు డబ్బా లేబుల్ ఫోటో కూడా జత చేయండి.

తేలిన చేపను ఎవరికీ అమ్మవద్దు, ఊరికే కూడా ఇవ్వవద్దు. గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి.

వానలు పడ్డాక

డెక్క కుళ్లాక దానిలోని ఎరువు అంతా నీళ్లలో కలుస్తుంది. మూడు, నాలుగు వారాలకు చెరువు చిక్కటి పచ్చగా మారితే సంతోషపడకండి. ఆ పాచి ఒక్కసారిగా చచ్చిందంటే రెండోసారి చేపలు తేలుతాయి.

తొలకరి తర్వాత ఒడ్డు వెంట ఉన్న జమ్ము, తూటికాడల జోలికి వెళ్లనివ్వకండి. కొర్రమీను గూడు కట్టేది అక్కడే. నీటి మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు ముద్దలా కదులుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టు. బంగారుతీగ గుడ్లు కూడా నీటి మొక్కలకే అంటుకుంటాయి. అక్కడ చేత్తో పీకించడం తప్ప వేరే దారి లేదు. నీళ్లలోపల పెరిగే నాచుకైతే 1959లో మన దేశానికి వచ్చిన గడ్డి చేప (గ్రాస్ కార్ప్) మంచి మందు. డెక్క జోలికి మాత్రం అది పెద్దగా పోదు.

చేప పిల్లలు వదిలే ముందు ఒక చిన్న పని చేయండి. దోమతెరతో హాపా (చేప పిల్లల్ని ఉంచే వల సంచి) కట్టి, మందు కొట్టిన వైపు నీళ్లలో దించి, అందులో యాభై పిల్లల్ని వేయండి. రెండు రాత్రులు చూడండి. రెండో తెల్లారుజామున హాపా ఎత్తినప్పుడు అన్నీ చురుగ్గా కొట్టుకుంటుంటే బండి పిలిపించండి. నాలుగైదు తేలినా ఇంకో పది రోజులు ఆగి మళ్లీ హాపా కట్టండి.