కొట్లో ఇచ్చిన దేవదారు అసలుదేనా? బ్లేడు, లెన్సుతో చూసుకోండి

మూలికల కొట్టుకెళ్ళి దేవదారు కావాలంటే చేతిలో పెట్టే చెక్క ఫలానా చెట్టుదేనని నమ్మకమేమీ లేదు. ఆ పేరు హిమాలయాల్లో పెరిగే సెడ్రస్ డియోడారాకి ఉంది, శేషాచలం లాంటి మన ఎండు అడవుల్లో పొదలా పెరిగే ఎరిత్రాక్సిలం మోనోగైనంని కూడా దేవదారి అంటారు, ఇవి చాలవన్నట్టు స్కూలు కాంపౌండ్లలో నిటారుగా పెంచే నరమామిడికీ, అదే చాలామంది అశోక అనుకునే చెట్టుకీ, కొన్నిచోట్ల ఇదే పేరు. ఈ మూడింట్లో శంకువృక్షం, అంటే పైన్ చుట్టం, మొదటిది ఒక్కటే, ఇక్కడ అసలు దేవదారు అంటున్నదీ దాన్నే. అది మనకు పనికొచ్చే తేడా, ఎందుకంటే శంకువృక్షాల చెక్కకి దారునాళాలు, అంటే అడ్డంగా కోస్తే రంధ్రాల్లా కనిపించే నీటి గొట్టాలు, ఉండవు. మిగతా రెంటికీ ఉంటాయి. ఇంటర్‌లో బోటనీ చదివినవాళ్ళకి ఇది గుర్తుండే ఉంటుంది, పరీక్షలో రెండు మార్కులకి రాసి వదిలేసిన విషయమే.

కావలసినవి: కొత్త షేవింగ్ బ్లేడు, పది రెట్లు పెద్దగా చూపించే లెన్సు (కంసాలులు, వాచీలు రిపేర్ చేసేవాళ్ళు వాడేది చాలు), కాసిని నీళ్ళు, మంచి వెలుతురు.

ముక్క పక్కల్ని చూస్తూ కూర్చోకండి, అక్కడ ఏమీ తెలియదు. నారకి అడ్డంగా ఉన్న కొస చూడాలి. రంపంతో కోసిన కొస గరుకుగా ఉండి కణాలన్నీ నలిగిపోయి ఉంటాయి కాబట్టి దాన్ని కాసేపు నీళ్ళలో నానబెట్టి, చిన్న గోరంత మేర బ్లేడుతో ఒకే గీతలో, పైపొరలా నున్నగా చెక్కండి. బ్లేడు ముందుకీ వెనక్కీ ఆడిస్తే మళ్ళీ నలుగుతుంది. చెక్కిన చోట ఒక నీటిచుక్క రాసి, లెన్సుని కంటికి ఆనించి ముక్కనే దగ్గరకి తెచ్చుకోండి.

అసలు దేవదారైతే సూదితో పొడిచినట్టుండే రంధ్రాలేవీ కనిపించవు. నున్నటి లేత పసుపు గోధుమ రంగు నేల, దాని మీద స్పష్టమైన వలయాలు, ఒక్కో వలయంలో వెడల్పాటి లేత పట్టీ, దాన్ని ఆనుకుని సన్నటి ముదురు గీత. లేత పట్టీ వసంతంలో పెరిగింది, పల్చటి గోడల కణాలు. ముదురు గీత సీజన్ చివర్లో గోడలు మందమెక్కి పెరిగింది. ఆ తర్వాత మంచు పడి పెరుగుదల ఆగిపోతుంది. చెక్కలో తొంభై శాతానికి పైగా దారుకణాలనే సన్నటి పొడవాటి కణాలే, నీళ్ళు మోయడం, చెట్టుని నిలబెట్టడం రెండూ వాటి పనే. అందుకే ఆ నేల అంత ఒకే తీరుగా ఉంటుంది.

రంధ్రాలు కనిపించాయా, ఇక అది సెడ్రస్ కాదు, కొట్టువాడు ఎంత ఒట్టేసినా సరే. చెక్క గట్టిగా, బరువుగా, ముదురు రంగులో ఉంటే దేవదారి అని అనుమానించండి. తేలిగ్గా ఉండి, కిరణాల (చెట్టు నడిమి నుంచి బయటికి సాగే గీతల) మధ్య సన్నటి అడ్డగీతలు దగ్గర దగ్గరగా వచ్చి గళ్ళు కట్టినట్టుంటే నరమామిడి, ఆ కుటుంబం మొత్తానికీ ఆ గళ్ళు ఉంటాయి. నీళ్ళలో వేసి చూడమని కొందరంటారు గానీ దేవదారూ తేలుతుంది, నరమామిడీ తేలుతుంది, కాబట్టి ఆ పరీక్షతో ఏమీ తేలదు.

రంధ్రాలు లేవు, సరే, మరి పైన్ కాదని ఎలా? పైన్‌లో రెసిన్ నాళాలు, అంటే జిగురు గొట్టాలు, సహజంగానే ఉంటాయి, ముదురు గీత దగ్గర అక్కడక్కడా చుక్కల్లా కనిపిస్తాయి. దేవదారులో అవి మామూలుగా ఉండవు. కానీ చెట్టుకి గాయమైతే పుడతాయి, అప్పుడు వలయం వెంబడి వరసగా ఒకే గీతలో ఉంటాయి. చెల్లాచెదురుగా ఉంటే పైన్, వరస కడితే దేవదారు కావచ్చు.

ఇక వాసన. చాలామంది ఇక్కడే మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోతారు. దేవదారు చేవ వాసనకి ముఖ్య కారణం హిమాచలీన్లు, అట్లాంటోన్లు అనే సెస్క్విటెర్పీన్లు, పదిహేను కార్బన్లున్న బరువైన అణువులు. పైన్ వాసనలోని పైనీన్‌కి పదే కార్బన్లు, త్వరగా ఎగిరిపోతుంది. అందుకే దేవదారు ఎన్నాళ్ళ ముక్కైనా కొత్తగా చెక్కితే వాసన లేస్తుంది. అయినా వాసనని రెండో సాక్షిగానే పెట్టుకోండి: నూనె తీసేసిన చెక్కకి వాసన ఉండదు, వేరే చెక్క మీద నూనె చల్లితే ఉంటుంది. కణాలతో ఆ ఆటలు సాగవు. హరప్పాలో 1946 తవ్వకాల్లో దొరికిన శవపేటిక మూత దేవదారుదని తేల్చింది కూడా వాటి ఆనవాళ్ళే.

కాలేజీ ల్యాబ్ అందుబాటులో ఉంటే మోలే పరీక్ష, అంటే రంగుని బట్టి శంకువృక్షమో కాదో చెప్పే రసాయన పరీక్ష, చేయించండి. సన్నటి పేళ్ళని ఒక శాతం పొటాషియం పర్మాంగనేట్‌లో పది నిమిషాలుంచి, కడిగి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆ నలుపు పోయేదాకా ఉంచి, మళ్ళీ కడిగి అమ్మోనియా చుక్క వేస్తే శంకువృక్షం పసుపు గోధుమ రంగులోనే ఉండిపోతుంది, మిగతావి ఎర్రగా, ఊదాగా మారతాయి. శంకువృక్షాల లిగ్నిన్ (చెక్కని గట్టిపరిచే పదార్థం) దాదాపు అంతా గ్వయాసిల్ రకం, రంగు తెప్పించే సిరింజిల్ రకం మిగతా చెట్లలోనే ఎక్కువ. పర్మాంగనేట్‌కి ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది, బాత్రూమ్ యాసిడ్ తెచ్చి ఇంట్లో మాత్రం చేయకండి. ఈ పరీక్ష పైన్‌నీ దేవదారునీ విడదీయదని కూడా గుర్తుంచుకోండి.

ఇంకా అనుమానముంటే మైక్రోస్కోపే గతి. ముక్కని ఉడకబెట్టి, కిరణం వెంబడి సాధ్యమైనంత పల్చటి పొర తీసి, సాఫ్రనిన్ రంగు వేసి దారుకణాల గోడల మీద గుండ్రటి గర్తాలు, అంటే చిన్న గుంటలు, చూడండి. ఒక్కో గర్తం మధ్యలో టోరస్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. చాలా శంకువృక్షాల్లో దాని అంచు నున్నగా ఉంటే సెడ్రస్‌లో లేసు కుట్టిన జేబురుమాలు అంచులా వంపులు వంపులుగా ఉంటుంది. ఆ అంచు కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

పొడి రూపంలో అమ్మేదానికి లెన్సు పద్ధతి పనిచేయదు, చెక్కడానికి కొస ఉండదు కదా. ముక్కలే అడిగి తెచ్చుకుని, చూసుకున్నాక ఇంట్లో దంచుకోండి.