కార్గో వ్యాను మార్పిడి – మూడవ పాఠం: బైకుల స్థానం, నేల, బిగింపులు, మడత పడక

మొదటి పాఠంలో వ్యాను ఎంత బరువు మోయగలదో లెక్కగట్టాం. రెండవ పాఠంలో లోపలి అట్టలను, పాత చెక్కను విప్పి, తుప్పు గీకి, రేకు తేటగా కనిపించేదాకా శుభ్రం చేశాం. ఈ దశకు రాగానే గోడలకు చెక్కలు కొట్టాలని, పడక అమర్చి చూసుకోవాలని చాలామందికి చేతులు దురద పెడతాయి. ఆ పనికి ఇంకా వేళ కాలేదు. ఖాళీ వ్యానులోకి డర్ట్ బైకులను (మట్టి బాటల్లో నడిపే బైకులను) ఎక్కించి, అవి నిలబడే చోటును నేలమీద సుద్దతో గీసేవరకు ఒక్క స్క్రూ కూడా దిగరాదన్నది ఈ పాఠానికి మూలసూత్రం. పడకను తరువాత పైకో కిందికో జరుపుకోవచ్చు, అరను ఇంకో గోడకు మార్చుకోవచ్చు. బైకులను బిగించే బెల్టుల కోసం నేల రేకును తొలిచి బిగించిన రింగును జరపాలంటే మాత్రం పాత రంధ్రాన్ని పూడ్చి కొత్తది తొలవవలసి వస్తుంది. అందుచేత మిగిలిన అమరిక అంతా రింగుల స్థానాన్ని అనుసరించి సాగాలి.

లెక్క స్పష్టంగా ఉండటానికి ఒక వాహనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఫియట్ డుకాటో పేరుతోను, ఉత్తర అమెరికాలో రామ్ ప్రోమాస్టర్ పేరుతోను తిరిగే వ్యానులో, 4.035 మీటర్ల ఇరుసుల దూరం ఉన్న రకానికి సరుకు పెట్టే గది సుమారు 3.7 మీటర్ల పొడవు, 1.87 మీటర్ల వెడల్పు ఉంటుంది. మధ్యస్థమైన ఎత్తు రకంలో లోపలి ఎత్తు 1.93 మీటర్లు. వెనుక చక్రాల మీద లోపలికి ఉబ్బిన రేకుల మధ్య మిగిలే దూరం 1.42 మీటర్లు. ఇక పూర్తి పరిమాణపు డర్ట్ బైకు దాదాపు 2.2 మీటర్ల పొడవు, 1.3 మీటర్ల ఎత్తు ఉంటుంది. దాని హ్యాండిల్ వెడల్పు 80 సెంటీమీటర్లకు కొంచెం పైన, బరువు సుమారు 110 కిలోలు. మీ వ్యాను వేరే రకమైతే ఈ అంకెల స్థానంలో మీరు టేపు పెట్టి కొలిచినవి వేసుకోండి. తయారీదారు పట్టికలోని వెడల్పు రేకు నుంచి రేకుకు తీసినదన్న సంగతి మరవకండి, గోడలకు చెక్క వేశాక అందులో ఏడెనిమిది సెంటీమీటర్లు సులభంగా పోతాయి.

బైకులు ముందా, వెనుకా?

రెండు బైకులను వెనుక తలుపుల దగ్గరే నిలిపి, డ్రైవరు సీటు వెనుక శాశ్వతమైన పడక వేసుకోవడం చూడటానికి హాయిగా ఉంటుంది: బైకును దించడం తేలిక, పడకను మడవనక్కరలేదు. అయితే బరువు ఎక్కడ పడుతుందో చూడండి. మన ఉదాహరణలో వెనుక ఇరుసు, గది వెనుక అంచుకు దాదాపు ఒక మీటరు ముందుంటుంది. తలుపుకు ఆనించి నిలిపిన బైకు మధ్యభాగం అంచుకు 1.1 మీటర్ల దూరంలో, అంటే దాదాపు ఇరుసు మీదే ఉంటుంది. ఆ 220 కిలోలలో ముందు చక్రాలకు చేరేది లేనట్టే. అవే బైకులను సీట్ల వెనుక అడ్డుగోడ వరకు ముందుకు జరిపితే వాటి మధ్యభాగం ఇరుసుకు సుమారు 1.6 మీటర్లు ముందుకు వస్తుంది. 1.6ను 4.035తో భాగిస్తే 0.4 వస్తుంది కనుక, బైకుల బరువులో అయిదింట రెండు వంతులు, అంటే 85 కిలోలకు పైగా, ముందు ఇరుసు పంచుకుంటుంది. ఈ వ్యానును లాగేవి ముందు చక్రాలే. తడిసిన మట్టి బాటలో, పైగా ఎత్తు ఎక్కేటప్పుడు, ముందు చక్రాల మీద బరువు లేకపోతే అవి ఉన్నచోటనే తిరుగుతాయి. బైకులు నడిపే చోటికి చేర్చే దారులు ఎక్కువగా అలాంటివే కనుక ఈ సంగతిని తేలికగా తీసుకోరాదు. వెనుక చక్రాలు లాగే వ్యానుకు ఈ ఇబ్బంది తక్కువ, అయినా వెనుక ఇరుసుకు నిర్ణయించిన గరిష్ఠ భారం దానికీ ఉంటుంది.

అందువల్ల ఈ పాఠమాల బైకులను ముందుకు జరిపే అమరికనే అనుసరిస్తుంది. దానికి మూల్యం ఏమిటంటే, బైకులు లోపలికి వెళ్లే దారి ఖాళీగా ఉండాలి కాబట్టి పడక మడత పడక కాక తప్పదు.

రెండు హ్యాండిళ్ల వెడల్పు కలిపితే 1.6 మీటర్లు దాటుతుంది. పక్కపక్కన సరిసమానంగా నిలిపితే అవి గోడలకు, ఒకదానికొకటి తగులుతూ దారి పొడవునా గీసుకుంటాయి. ఒక బైకును మరొకదానికంటే 30 సెంటీమీటర్లు వెనక్కి నిలిపితే హ్యాండిళ్లు ఒకే వరుసలో ఉండవు, బైకుల మధ్య దూరాన్ని తగ్గించుకోవచ్చు, గోడల వైపు బెల్టులకు చోటు దొరుకుతుంది. ఈ స్థితిలో ఒక మనిషి బైకులను నిటారుగా పట్టుకోగా మరొకరు చక్రాల ఆనవాళ్లను, బెల్టులు నేలను తాకవలసిన చోట్లను సుద్దతో గీయాలి. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగు కాళ్లు) పైభాగం నుంచి వచ్చే బెల్టు ముందుకు, బయటికి వాలుతూ నేలతో సుమారు 45 డిగ్రీల కోణం చేయాలి. మరీ నిటారుగా ఉంటే పక్కకు పడకుండా ఆపలేదు, మరీ వాలితే కిందికి నొక్కలేదు.

బలం ఎంత కావాలి?

సరుకు బిగింపుకు సంబంధించి యూరప్ ప్రమాణాలూ అమెరికా నిబంధనలూ దాదాపు ఒకే కొలతను వాడతాయి: ముందుకు జరగకుండా సరుకు బరువులో 0.8 వంతు బలాన్ని, వెనక్కి గానీ పక్కకు గానీ జరగకుండా 0.5 వంతు బలాన్ని బిగింపు తట్టుకోవాలి. 110 కిలోల బైకుకు ఇది ముందువైపు 88 కిలోలు, పక్కలకు 55 కిలోలు. అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి, కానీ ఇవి గట్టి బ్రేకుకు, మలుపుకు సరిపోయే లెక్కలే. ఢీకొన్నప్పుడు పుట్టే బలం వీటికి ఎన్నో రెట్లు ఉంటుంది. సీట్లకూ సరుకుకూ మధ్య ఉన్న ఇనుప అడ్డుగోడను, లోపల విశాలంగా ఉంటుందన్న ఆశతో తీసేయవద్దని చెప్పడానికి కారణం ఇదే.

బెల్టు కొనేటప్పుడు దానిమీద రెండు అంకెలు కనిపించవచ్చు, ఒకటి తెగే బలం, రెండవది పనిభారం, అంటే వాడకంలో దానిమీద వేయదగిన గరిష్ఠ బలం. పనిభారం సాధారణంగా తెగే బలంలో మూడో వంతు ఉంటుంది, మీరు లెక్కలోకి తీసుకోవలసింది దాన్నే. కొక్కేనికి మూసుకునే నాలుక ఉండాలన్నది కూడా అలంకారానికి చెప్పే మాట కాదు. బ్రేకు వేసినప్పుడు బైకు ముందుకు ఊగి ఫోర్కు ఇంకాస్త కిందికి దిగుతుంది, ఆ క్షణంలో ముందు బెల్టులు వదులవుతాయి, నాలుక లేని కొక్కెం రింగులోంచి జారిపోతుంది. తరువాత ఫోర్కు పైకి లేచేసరికి దాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. దీనికి మంచి విరుగుడు, ముందు టైరుకూ ఫోర్కుల మధ్యభాగానికీ నడుమ ఒక చెక్క దిమ్మనో, ఇందుకోసమే అమ్మే ప్లాస్టిక్ దిమ్మనో ఇరికించడం. అప్పుడు ఫోర్కు దిమ్మను దాటి దిగలేదు, బెల్టును బిగుతుగా లాగినా స్ప్రింగు మీదా ఆయిల్ సీళ్ల మీదా అనవసరపు ఒత్తిడి పడదు.

ముందువైపు బలాన్ని మోసేది బెల్టులు కావు, ముందు చక్రం ఇరుక్కునే వీల్ చాక్. కాబట్టి దాన్ని చెక్కకు స్క్రూలతో కాక, రింగుల మాదిరిగానే రేకు కిందివరకు బోల్టులతో బిగించాలి. వెనుక చక్రం పక్కలకు జరగకుండా దాని మీదుగా ఒక బెల్టు చాలు.

రింగులు బిగించడం

ముందుగా వ్యానుతోపాటు వచ్చిన రింగులు మీ సుద్ద గీతలకు దగ్గరలో ఉన్నాయేమో చూడండి. వాటి బలం వాహనపు పుస్తకంలో రాసి ఉంటుంది, తయారీదారే అమర్చినవి కనుక మనం బిగించేవాటికంటే సాధారణంగా నమ్మదగినవి. వాటితో సరిపోయే చోట కొత్త రంధ్రం అక్కరలేదు. వ్యాను కొత్తదైనా, వారంటీ మిగిలి ఉన్నా ఈ మాట మరీ వర్తిస్తుంది.

కొత్త రింగు తప్పనిసరైన చోట, డ్రిల్లు పట్టుకునే ముందు వ్యాను కిందికి దూరి చూడటం ఈ పనిలో సగం. పెట్రోలు లేదా డీజిలు ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్ల కట్టలు, సైలెన్సరు ఎక్కడెక్కడ ఉన్నాయో కొలతలతో కాగితం మీద గీసుకోవాలి. పైన ఒక మూల నుంచి తీసిన కొలతనే కింద కూడా తీస్తే గీత ఎక్కడ తేలుతుందో తెలుస్తుంది. మొదట 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. డ్రిల్లు బిట్టుకు టేపు చుట్టి, రేకు మందం దాటి ఒక సెంటీమీటరుకు మించి దిగకుండా ఆపండి. కిందికి వెళ్లి ఆ చిన్న రంధ్రం ఎక్కడ వచ్చిందో చూశాకే 10 మిల్లీమీటర్లకు పెంచండి. రంధ్రపు అంచును ఆకురాయితో నునుపు చేసి, తుప్పు పట్టని ప్రైమరు పూసి, అది ఆరిన తరువాతే బోల్టు దించాలి.

నేల రేకు మందం ఒక మిల్లీమీటరు అటూఇటూ మాత్రమే. చిన్న వాషరు వేసి నట్టు బిగిస్తే గట్టి కుదుపుకు బోల్టు రేకును చింపుకొని పైకి వస్తుంది. అందుకే కింద 10 సెంటీమీటర్ల చతురస్రంలో, 5 మిల్లీమీటర్ల మందమున్న ఇనుప పలక వేయాలి. నేల రేకుకు గాళ్లు ఉంటాయి కనుక పలక గాడి అంచుల మీద మాత్రమే ఆనకుండా, ఖాళీని సరిపడే ఇనుప ముక్కతో నింపి, ఆ తరువాత వదులుకాని నైలాన్ నట్టు బిగించి, చుట్టూ పాలీయురితేన్ సీలెంటు పూయాలి. రేకులోనే మరలు ఏర్పరిచే రివెట్ నట్లు అరలకు, పడక కీళ్లకు బాగుంటాయి, బైకును ఆపే పనికి వాటిని వాడకండి.

నేల

రింగుల రంధ్రాలు తయారయ్యాకే నేల చెక్క వేయాలి. 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్డు చదరపు మీటరుకు 8 కిలోలు, 18 మిల్లీమీటర్లది 12 కిలోలు తూగుతుంది. దాదాపు 7 చదరపు మీటర్ల నేలకు తేడా 28 కిలోలు. నేల గాళ్లను చెక్క పట్టీలతో నింపితే 12 మిల్లీమీటర్లది చాలునని నా అభిప్రాయం. చలి కోసం కింద ఫోము వేసేవారు చక్రాలు నిలిచే దారిలో మాత్రం ఫోము బదులు చెక్క పట్టీ వేయాలి, లేకుంటే బిగించిన బైకు కింద ఫోము నెమ్మదిగా నలిగి, ఇంటి దగ్గర బిగుతుగా ఉన్న బెల్టు దారిలో వదులవుతుంది. పైన పరిచే షీటు గరుకుగా, పెట్రోలును, నూనెను తట్టుకునేదిగా ఉండాలి. సహజ రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. షీటు అంచులను గోడల మీదికి ఒక జానెడు మడిచి అంటిస్తే బురద కడిగిన నీరు చెక్కలోకి దిగదు.

మడత పడక

బైకుల మీదుగా పడక వేయవచ్చు కదా అన్న ఆలోచన అందరికీ వస్తుంది. బైకు ఎత్తు 1.3 మీటర్లు, దానిమీద ఖాళీ, పలక, పరుపు కలిపి 15 సెంటీమీటర్లు అనుకుంటే, 1.93 మీటర్ల గదిలో మిగిలేది 48 సెంటీమీటర్లే, పైకప్పు చెక్క వేస్తే ఇంకా తగ్గుతుంది. కూర్చోవడానికి సుమారు 90 సెంటీమీటర్లు కావాలి. అందులో పడుకోగలరు గాని ఒక పక్క నుంచి మరో పక్కకు తిరగడం కూడా కష్టం.

రాత్రి బైకులు బయటే ఉంటాయి కాబట్టి, రెండు గోడలకూ 1.9 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల పలకలను కీళ్లతో వేలాడదీస్తే చాలు. దింపితే మధ్య నడవతో రెండు ఒంటరి పడకలు, నడవలో మూడో పలక వేస్తే ఒకే పెద్ద పడక. కీళ్లను బయటి రేకుకు కాక లోపలి నిలువు పట్టెలకే బిగించాలి. ప్రయాణంలో పలక ఊడి బైకు మీద పడకుండా పైన ఒక బెల్టుతో గోడకు కట్టాలి. వంటపెట్టె, అరలు మీ ఇష్టం, బైకుల దారికి అడ్డం రాకుంటే చాలు.

బైకులను లోపలే ఉంచి పక్కన పడుకోవడం మంచిది కాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, నేలబారుగా పరుచుకొని కిందనే నిలుస్తుంది, పైకప్పు ఫ్యాను ఒక్కటే దాన్ని పూర్తిగా తీసేయలేదు. దొంగల భయముంటే బైకులను ఒకదానితో ఒకటి, ఆపైన వ్యాను చట్రంతో గొలుసు వేసి తాళం పెట్టండి. పెట్రోలు డబ్బాను కూడా బైకులతోపాటే బయట పెట్టండి. ప్రయాణంలో మాత్రం రెండూ లోపలే ఉంటాయి కనుక నేలకు దగ్గరగా ఒక గాలి రంధ్రం ఉంచాలి, ఇంధనపు కుళాయి ఉన్న బైకుకు దాన్ని మూసి ఎక్కించాలి.

ర్యాంపు గురించి ఒక్క మాట. 55 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యాను నేలకు 2.2 మీటర్ల ర్యాంపు వాలు సుమారు 14 డిగ్రీలు, 1.5 మీటర్లదానికి 21 డిగ్రీలు దాటుతుంది. పొడవైనదే తీసుకోండి, దాన్ని బెల్టుతో వ్యానుకు కట్టకుండా ఎక్కించవద్దు. వెనుక చక్రం ర్యాంపును వెనక్కి తోసేస్తుంది.

వచ్చే పాఠానికి ముందు ఈ పని చేయండి. రెండు బైకులూ బిగించి ఒక ముప్పై కిలోమీటర్లు, కొంత గతుకుల దారిలో, తిరిగి రండి. ఆగిన చోట ప్రతి బెల్టునూ చేత్తో లాగి చూసి, ఏది వదులైందో రాసుకోండి, కిందికి దూరి నట్లన్నిటినీ మళ్లీ బిగించండి. ఆ తరువాత అదే బరువుతో ముందు ఇరుసును, వెనుక ఇరుసును విడివిడిగా కాటా మీద తూచండి. నాలుగవ పాఠంలో బ్యాటరీ, వైర్లు, ఫ్యూజులు వస్తాయి. బ్యాటరీని ఏ గోడకు పెట్టాలో ఈ రెండు అంకెలను చూసి నిర్ణయించుకుంటాం.