సగంలో ఆగిపోయిన బొంతల్ని ఇలా సర్దుకోండి

కుట్టుమిషన్ ఉన్న ఏ ఇంట్లో చూసినా ఇదే సంగతి అండి. బీరువా అడుగు అరలో ఒక మూట, అటక మీద ఒక మూట, మంచం కింద బట్టల షాపు సంచిలో ఇంకోటి, విప్పితే కత్తిరించి పెట్టిన ముక్కలు కొన్ని, సగం అతికినవి కొన్ని, నాలుగు వరసలు కుట్టి వదిలేసిన బొంత ఒకటి. పోయినేడు సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు మా ఇంట్లో అన్నీ కిందకి దింపితే పదకొండు తేలాయి. అందులో ఒకటి మా అమ్మమ్మది, ఆవిడ కట్టుకున్న నేత చీరలతోనే మొదలుపెట్టి ముప్పాతిక వంతు కుట్టారు, తర్వాత ఆవిడ పోయారు, అది అలాగే ఉండిపోయింది. అది చేతిలోకి తీసుకున్నాక ఇంక మిగతావి కూడా మళ్ళీ అటక ఎక్కించబుద్ధి కాలేదు. ఏడాదిలో పదకొండులో ఏడు తెమిలాయి, ఎలా చేశానో రాస్తాను, మీకూ పనికొస్తుంది.

ముందు ఒక మాట. బొంత సగంలో ఆగిపోయేది టైం లేక అనుకుంటాం గానీ చాలావరకు అది కాదండి. ఏదో ఒక్క చిన్న వస్తువు దగ్గర ఆగుతుంది. అడుగు గుడ్డ సరిపోలేదు, ఆ రంగు దారం అయిపోయింది, కొలత ఎక్కడో తేడా వచ్చింది, ఏ అంచు వెయ్యాలో తేలలేదు. ఆ రోజుకి మడిచి పక్కన పెడతాం, నెల తర్వాత తీస్తే ఎందుకు ఆపామో గుర్తుండదు, మళ్ళీ మొదట్నించి ఆలోచించాలి, అంత ఓపిక లేక మళ్ళీ మడిచేస్తాం. అందుకని సర్దడం అంటే అందంగా మడిచి డబ్బాల్లో పెట్టడం కాదు, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అనేది మూట విప్పగానే తెలిసేలా చెయ్యడం.

ఒక ఆదివారం చూసుకుని ఇంట్లో ఉన్నవన్నీ హాల్లోకి తెచ్చెయ్యండి. కింద పాత దుప్పటి పరిచి ఒక్కొక్కటి విప్పండి. ఆ రోజు మాత్రం సూది పట్టుకోవద్దు, ఒకదాంట్లో దిగిపోతే మిగతా పదీ అక్కడే ఉండిపోతాయి. విప్పి చూసి నాలుగు కుప్పలుగా విడదీయండి. ముక్కలు కత్తిరించి అతకనివి ఒకటి, పై పొర అతకడం అయిపోయి కింద పొరలు, అంటే మధ్య పొర, అడుగు గుడ్డ వెయ్యనివి ఒకటి, మూడు పొరలూ వేసి కుట్టు సగంలో ఉన్నవి ఒకటి, కుట్టంతా అయిపోయి అంచు మాత్రం మిగిలినవి ఒకటి. నాకు వరసగా నాలుగు, రెండు, మూడు, రెండు వచ్చాయి. రంగుల వారీగానో, ఎవరికోసం మొదలుపెట్టామనో విడదీస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ పని జరగదు, ఆగిన చోటుని బట్టి విడదీస్తేనే ఏది ముందు పట్టుకోవాలో తెలుస్తుంది.

ముందు పట్టుకోవాల్సింది అంచు మిగిలినవే. ఒక మధ్యాహ్నం పని అండి అది, దానికోసం రెండేళ్ళు పడి ఉంటాయి పాపం. గుడ్డ ఎంత కావాలో తెలీక చాలామంది ఆపేస్తారు కాబట్టి లెక్క చెప్తాను. బొంత 5 అడుగులు, 7 అడుగులు ఉందనుకోండి, చుట్టుకొలత 24 అడుగులు, అంటే 288 అంగుళాలు, మూలలకీ అతుకులకీ ఇంకో పదో పన్నెండో కలుపుకోండి, 300. 44 అంగుళాల పన్నా గుడ్డలో అడ్డంగా రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు తీస్తే ఏడు పట్టీలు సరిపోతాయి, ఏడు రెండున్నరలు పదిహేడున్నర అంగుళాలు, అంటే అర మీటరు కొంటే చాలు. ఈ లెక్క రాకముందు నేను రెండు మీటర్లు కొనేదాన్ని, మిగిలిన గుడ్డ ఇంకో కొత్త బొంతకి మొదలయ్యేది.

ఆ తర్వాత మూడు పొరలూ వేసి వదిలేసినవి. వీటిని ఎక్కువ రోజులు ఉంచకూడదు, ఎందుకో నేను కళ్ళారా చూశాను. లేత నీలం రంగుది ఒకటి, పొరలు కదలకుండా గుండుసూదులు పెట్టి, కుట్టు సగంలో ఉండగా చుట్టి పక్కన పెట్టాను, మధ్యలో రెండు వానాకాలాలు వెళ్ళిపోయాయి. విప్పితే సూది దిగిన ప్రతి చోటా చిన్న గోధుమరంగు చుక్క, చుట్టూ పసుపు గీత, కొన్ని సూదులు లాగితే తుప్పు పొడి దారాల మధ్యే ఉండిపోయింది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే చాలావరకు పోయాయి కానీ ఒకచోట నీలం కూడా వెలిసింది, కాబట్టి మీరు చేస్తే కనపడని మూల మీద ముందు చూసుకోండి. అసలు పద్ధతి ఏంటంటే ఈ వారంలో కుట్టడం అవ్వదు అనిపించిన క్షణమే గుండుసూదులు, పిన్నీసులు అన్నీ తీసేసి, వాటి బదులు తెల్ల దారంతో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వెయ్యండి, జానెడు దూరంలో ఒక్కో వరస చాలు, మధ్యలోంచి మొదలుపెట్టి అంచులవైపు వెళ్ళండి, లేకపోతే మధ్యలో గుడ్డ ముడత పడుతుంది. అరగంట పని, పొరలు ఏళ్ళు గడిచినా కదలవు, తుప్పు గొడవ లేదు.

వీటిని మడవకుండా చుట్టి పెట్టుకుంటే ఇంకా మంచిది. మడత పడ్డ చోట మధ్య పొర నలిగి అక్కడ గీత కూర్చుంటుంది, తర్వాత ఇస్త్రీ చేసినా పోదు. బట్టల షాపులో తానుల మధ్య అట్ట గొట్టాలు ఉంటాయి కదా, అడిగితే ఇచ్చేస్తారు, దాని మీద పాత పంచె ఒకటి చుట్టి దానిపైన బొంత చుట్టి నిలబెట్టేయండి. చోటు లేక మడవాల్సి వస్తే రెండు మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి, పట్టుచీరలకి ఎలా చేస్తామో అలాగే.

ఇప్పుడు చీటీ సంగతి, నేను రాసేదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. ప్రతి మూటకీ ఒక చీటీ ఉండాలి, కాగితం వద్దు, చిరుగుతుంది, పురుగు తింటుంది. తెల్ల గుడ్డ ముక్క తీసుకుని చెరగని మార్కర్‌తో రాసి మూలన రెండు కుట్లతో తగిలించండి. ఎవరికోసం, పూర్తయితే ఎంత సైజు, ముక్క కొలత ఎంత, మిషన్ మీద కుట్టు ఎన్నో నంబర్‌లో పెట్టారు, దారం ఏ కంపెనీ ఏ నంబరు, ఇవన్నీ రాసి అన్నిటికన్నా కింద పెద్ద అక్షరాలతో తర్వాత చెయ్యాల్సిన పని ఒక్కటి రాయండి. "పూర్తి చెయ్యాలి" అని రాస్తే లాభం లేదు, అది మనకి తెలిసిందే. "మూడో వరస నాలుగో వరసకి అతకాలి" అనో "అడుగుకి రెండున్నర మీటర్ల గోధుమరంగు కాటన్ కొనాలి" అనో రాయాలి. చదివిన ఐదు నిమిషాల్లో పని మొదలుపెట్టగలిగేలా ఉంటే అది సరైన చీటీ.

ముక్క కొలత దగ్గర కొంచెం ఆగాలి. నేను ఒకదానికి "5 అంగుళాల ముక్క" అని రాసుకున్నాను, అది కుట్టుతో కలిపా, కుట్టు పోగానా అనేది రాయలేదు. రెండోసారి కూర్చున్నప్పుడు ఐదుకే కోశాను, మొదటిసారి ఐదున్నరకి కోసి ఉన్నాను, అతికాక వరసలు కలవట్లేదు, ఎక్కడ తప్పో తెలీక ఏడాది పక్కన పెట్టాను. రెండు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులో పోతుంది కాబట్టి ఐదు రావాలంటే ఐదున్నరకి కొయ్యాలి. మీరు ఏం చేస్తారంటే పాత పెళ్ళి శుభలేఖ అట్ట ఉంటుంది కదా, గట్టిగా ఉంటుంది, దాన్ని సరిగ్గా కోసే సైజుకి కత్తిరించి మూటలోనే పడెయ్యండి. అప్పుడు అంకె గుర్తుంచుకోవక్కర్లేదు, అట్ట పెట్టి గీసుకోవడమే.

ఇంక ఒక మూట అంటే దానికి కావాల్సినవన్నీ దాంట్లోనే ఉండాలి. ముక్కలు ఒకచోట, అడుగు గుడ్డ ఇంకోచోట, దారం మిషన్ సొరుగులో అంటే కుదరదు. దారం రీలు కొంచెం మిగిలి ఉన్నా దాంట్లోనే వెయ్యండి, అయిపోతే ఖాళీ రీలు వెయ్యండి, దాని మీద నంబర్ స్టిక్కర్ ఉంటుంది కాబట్టి షాపుకి అదే తీసుకెళ్ళొచ్చు. ఒక బాబిన్‌కి ఆ రంగు దారం చుట్టి అది కూడా పెట్టెయ్యండి, బాబిన్లు పెద్ద ఖరీదేం కాదు. మందంగా ఉన్న పొరలకి మిషన్ సూది 16 గానీ 18 గానీ కావాలి, బ్లౌజులు కుట్టే 11తో కుడితే విరిగిపోతుంది, అందుకని ఆ సూది కూడా చీటీ పక్కనే చిన్న కవర్లో పెట్టుకోండి.

సంచికి నేను వాడేది పాత దిండు గలేబులు. కాటన్ గలేబులో గాలి ఆడుతుంది, ఉతకొచ్చు, ఒక బొంత ముక్కలు సరిగ్గా పడతాయి. పాలిథిన్ కవర్లలో కట్టి పెట్టొద్దు, వానాకాలంలో చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది, ఆ వాసన పోవాలంటే మళ్ళీ అన్నీ ఉతకాలి, అతకని ముక్కలు ఉతికితే అంచుల్లో దారాలు లేచిపోయి కొలత తగ్గిపోతుంది. గంజి పెట్టిన చీర ఉంటే గంజి మొత్తం పోయేలా ఉతికి ఆరేసి అప్పుడు పెట్టండి, గంజి అంటే సిల్వర్ ఫిష్ పురుగులకి చాలా ఇష్టం. బాగా ఎండిన వేపాకు ఒక గుడ్డలో మూట కట్టి వేస్తాను నేను, కలరా ఉండలు వేసేవాళ్ళు గుడ్డకి నేరుగా తగలకుండా చూసుకోండి. అటక మీద మాత్రం వద్దు, ఎలుకలు కొరికితే మళ్ళీ ఆ గుడ్డ ఎక్కడా దొరకదు.

కుట్టుకోడానికి వేరే గది ఉన్నవాళ్ళు తక్కువ, మనలో ఎక్కువమందికి మిషన్ పడగ్గదిలో కిటికీ పక్కన ఒక మూలన ఉంటుంది, నాదీ అంతే. అందుకని చేతికి అందేలా రెండు గలేబులే ఉంచుతాను, మిషన్ పక్క గోడకి రెండు కొక్కేలు, రెండు మూటలు. ఒకటి మిషన్ మీద కుట్టేది, ఒకటి చేత్తో కుట్టేది, కరెంటు పోయినా, సాయంత్రం నలుగురితో కూర్చున్నా చేతికుట్టు సాగుతుంది. మిగతావన్నీ బీరువా కింద అరలో, చీటీలు బయటకి కనపడేలా. కిటికీ ఎండ నేరుగా పడే చోట ఉంచకండి, మడత మీద పడిన ఎండకి ఆ ఒక్క గీత వెలిసిపోతుంది. ఒకటి పూర్తయ్యేదాకా కొత్తది మొదలుపెట్టొద్దు అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను, కొత్త చీర ముక్క చూడగానే ఒక ఆలోచన వస్తుంది, దాన్ని ఆపుకోనక్కర్లేదు, కాగితం మీద బొమ్మ గీసుకోండి, రంగులు పక్కపక్కన పెట్టి చూసుకోండి, కానీ కత్తెర పెట్టొద్దు. కత్తెర పెట్టని చీర చీరగానే ఉంటుంది, పెట్టాక అది ఇంకో మూట.

ముక్కలుగా కోసి అతకనివే కష్టం అండి. నా నాలుగింట్లో రెండు ఇంకా అలాగే ఉన్నాయి. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీలని ఆఫ్రికా మూలాలున్న వాళ్ళు ఉంటారు, వాళ్ళ ఆడవాళ్ళు కవంద్ అని ఒక రకం బొంత కుడతారు, వాళ్ళు ముక్కలన్నీ ముందు కోసి అతికి పెట్టుకోరు, అడుగున పాత చీర పరిచి ఒక మూలనుంచి మొదలుపెట్టి ఒక్కో ముక్క అంచు మడిచి నేరుగా దాని మీదే కుట్టుకుంటూ మధ్యకి వస్తారు, చివర్లో నాలుగు మూలలా ఫూల అని చిన్న ముక్కలు కుట్టి ముగిస్తారు. అంటే అతకడం, పొరలు కలపడం, కుట్టడం అన్నీ ఒకే పని అయిపోతాయి, మధ్యలో ఆగే చోట్లే తక్కువ. కొలతలు కలవని ముక్కలు మీ దగ్గర గుట్టగా ఉంటే ఈ పద్ధతి చేసి చూడండి, మేలుగా ఉంటుంది.

కొన్నిటిని మనం పూర్తి చెయ్యలేం, అది కూడా ఆ ఆదివారమే తేల్చుకోవాలి. మొదలుపెట్టినప్పుడు నచ్చిన రంగులు ఇప్పుడు నచ్చకపోవచ్చు, డబుల్ కాట్ సైజు అనుకున్నది ఈ వయసులో చెయ్యి నొప్పికి కుదరకపోవచ్చు. అప్పుడు పారెయ్యక్కర్లేదు, సైజు తగ్గించండి. నేను డబుల్ కాట్‌కి అనుకున్న ముక్కల్లో ముప్పై అతికి 36 అంగుళాలు, 45 అంగుళాలు వచ్చేలా పసిబిడ్డకి పొత్తిళ్ళ బొంత చేశాను, అడుగున బాగా ఉతికి మెత్తబడిన నేతచీర వేసి. మా తోడికోడలి మనవడు దాని మీదే పడుకుంటున్నాడు. ఇంకోటి మా పక్కింటి పిన్నిగారికి ఇచ్చేశాను, ఆవిడకి ఆ రంగులు చూడగానే నచ్చాయి. ఇచ్చేటప్పుడు మూట, చీటీ, అట్ట, దారం అన్నీ కలిపి ఇవ్వండి, ఉత్త ముక్కలు ఇస్తే వాళ్ళింట్లో కూడా అటక మీదకే వెళ్తాయి.

పెద్దవాళ్ళు సగంలో వదిలి వెళ్ళినవి ఉంటే వాటి సంగతి వేరు. మా అమ్మమ్మ కుట్టు చాలా దగ్గరగా, బియ్యపు గింజంత ఉంటుంది, నాది దానికి రెట్టింపు. మొదట్లో ఆవిడ కుట్టు విప్పి అంతా ఒకేలా కుడదామా అనుకున్నాను, మా అమ్మ వద్దంది. ఇలాంటివి ఉంటే పాత కుట్టు విప్పకండి, ఆగిన చోటునుంచి మీ కుట్టుతోనే మొదలుపెట్టండి, పాత చీర గుడ్డ నీరసంగా ఉంటుంది కాబట్టి సన్న సూది, కాటన్ దారం వాడండి, గట్టిగా లాగకండి, చిరుగు ఉన్నచోట కింద ఇంకో మెత్తటి ముక్క పెట్టి దాంతో కలిపి కుట్టండి. చీటీ మీద ఆవిడ పేరు, నా పేరు రెండూ రాశాను. ఇప్పుడు అది మిషన్ పక్కన రెండో కొక్కేనికి ఉంది, కింద పెద్ద అక్షరాలతో "ఎడమ పక్క ఇంకా మూడు వరసలు, తెల్ల దారం, తర్వాత ఎర్ర అంచు" అని ఉంది.