లెక్క పోకముందే: ఓటీటీ చందాను కట్టే, ఆపే, నిలదీసే పద్ధతి

మా కడప వైపు డబ్బును లెక్క అంటాము. ప్రొద్దుటూరులో చిన్న బట్టల అంగడి నడుపుకొనే మా మేనమామ ఒక సాయంత్రం ఫోన్ చేసి, "ఏమబ్బీ, నేను చూడని సినిమాలకు నా లెక్క ఎట్ల పోతాంది?" అని అడిగాడు. విచారిస్తే ఆయన ఖాతా నుంచి నెలకు 299 రూపాయల చొప్పున ఐదు నెలలుగా, మొత్తం 1,495 రూపాయలు ఒక ఓటీటీకి, అంటే ఇంటర్నెట్ ద్వారా సినిమాలు చూపే యాప్‌కు వెళ్లిపోయాయని తేలింది. పండుగకు వచ్చిన మనుమడు ఒక సినిమా కోసం ఒక్క రూపాయి ట్రయల్‌లో చేరాడు. ఆ రూపాయికి యూపీఐ పిన్ నొక్కింది మామే. వారం తిరగకుండానే యాప్‌ను ఫోన్ నుంచి తీసివేశారు కాబట్టి దానితో సంబంధం తెగిపోయిందనే అనుకున్నారు. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్‌లు ఇంగ్లీషులో ఉండడంతో వాటిని ప్రకటనలుగా భావించి ఆయన తెరిచి చూడలేదు.

ఆ లెక్కను తిరిగి రాబట్టే ప్రయత్నంలో నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. వినోదాన్ని అమ్మే టెక్నాలజీ కంపెనీలు తెర మీద పెద్ద అక్షరాలతో చూపే ధరను నేను ధరగా నమ్మను. అది మనలను లోపలికి పిలిచే మొదటి మెట్టు మాత్రమే. చట్టాన్ని కొంత నమ్ముతాను, అది కూడా చేతిలో ఆధారం ఉన్నప్పుడు.

కట్టే ముందు

ట్రయల్ కోసం పిన్ నొక్కే తెర అంగడిలో బియ్యానికి డబ్బు కట్టే తెర వంటిది కాదు. అది ఆటోపే మాండేట్, అంటే గడువు వచ్చిన ప్రతిసారీ నా ఖాతా నుంచి తీసుకోవచ్చునని కంపెనీకి మనం ఇస్తున్న అనుమతి. గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు, ఎన్నాళ్లకు ఒకసారి తీసుకోవచ్చు, ఆ అనుమతి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుంది అన్న సంగతులు ఆ తెర మీదే ఉంటాయి. యాప్ చూపిన ఒక్క రూపాయిని కాక ఈ గరిష్ఠ మొత్తాన్నే మీరు ఒప్పుకొంటున్న ధరగా చదువుకోండి. ముగింపు తేదీ ఎన్నో ఏళ్ల అవతల ఉంటే అక్కడే ఆగి ఆలోచించండి. ఆ వివరాలకు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఫోన్ అందుకు ఒప్పుకోకపోతే కాగితం మీద రాసుకోండి. ఇంట్లో పిల్లలు ఫోన్ తెచ్చి "తాతా, ఒక్క రూపాయే, పిన్ కొట్టు" అంటే, ఆ పని తెల్లవారి చేద్దామని చెప్పడం మేలు.

ఆ తరువాత ఏడాది మొత్తానికి ఎంత అవుతుందో లెక్కకట్టి చూడండి. నెలకు 299 అంటే ఏడాదికి 3,588 రూపాయలు. ప్యాకేజీ కింద చిన్న అక్షరాలతో ఉన్న మాటలను ఈ లెక్క పక్కనే పెట్టుకుని చదవండి: ప్రకటనలు వస్తాయా, టీవీలో పని చేస్తుందా లేక ఫోన్‌కే పరిమితమా, ఒకేసారి ఎన్ని తెరల మీద చూడవచ్చు, క్రికెట్ అందులో ఉందా లేదా. ఫోన్ రీఛార్జితో "ఉచితంగా" వచ్చే ఓటీటీ చాలాసార్లు ఫోన్ తెరకే పరిమితమై ఉంటుంది. ఇంటిల్లిపాదీ టీవీలో చూద్దామని రీఛార్జి చేయించుకుని, తరువాత టీవీ కోసం విడిగా కట్టిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

ఈ రోజు చూసిన ధర, ఈ రోజు ఇచ్చిన సదుపాయం ఏడాది తరువాత కూడా ఉంటాయని అనుకోవడం పొరపాటు. అమెజాన్ ప్రైమ్ మన దేశానికి 2016లో వచ్చినప్పుడు ప్రారంభ ధర ఏడాదికి 499 రూపాయలు. మరుసటి ఏడాదికి అది 999 అయింది, 2021 డిసెంబరులో 1,499 అయింది. 2025 జూన్ 17 నుంచి అందులోని వీడియోలలో ప్రకటనలు మొదలయ్యాయి. అవి లేకుండా చూడాలంటే ఏడాదికి మరో 699 రూపాయలు కట్టాలని కంపెనీ ప్రకటించింది. అంటే 2020లో 999 రూపాయలకు ప్రకటనలు లేకుండా చూసిన మనిషి, అదే అనుభవానికి ఈ ధరల ప్రకారం 2,198 రూపాయలు పెట్టాలి. ఆ చందాలో సరుకుల డెలివరీ కూడా కలిసి ఉన్న మాట నిజమే అయినా, సినిమాల కోసమే చేరినవారికి అది ఊరట కాదు. నెట్‌ఫ్లిక్స్ ఇందుకు భిన్నంగా 2021 డిసెంబరులో ఇక్కడి ధరలను తగ్గించి, ఫోన్‌లో మాత్రమే చూసే చందాను 199 నుంచి 149కి తెచ్చింది. 2023 జూలైలో మాత్రం ఒకే పాస్‌వర్డ్‌తో వేర్వేరు ఇళ్లలో చూసుకొనే వీలును ఇక్కడ కూడా ఆపివేసింది. ధర పెరిగినా తగ్గినా, షరతును మార్చే అధికారం ఎప్పుడూ ఒక పక్షం చేతిలోనే ఉందన్నది నేను ఇందులో గమనించిన సంగతి. అందుకే తప్పనిసరి అయితే తప్ప ఏడాది చందా కట్టవద్దని, చూడదలచిన నెలకు మాత్రమే కట్టి ఆపివేయమని మా వాళ్లకు చెబుతాను. ఏడాది చందాలో ఆదా ఉన్నట్లు కనిపించినా, పన్నెండు నెలలూ చూసే ఇల్లయితేనే అది నిజమైన ఆదా.

"కొనండి" అన్న బటన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. డిజిటల్ సినిమాను కొన్నామంటే మనకు దక్కేది సాధారణంగా చూసుకొనే అనుమతి మాత్రమే. కంపెనీకి ఆ సినిమా మీద ఉన్న హక్కులు పోతే మన దగ్గరి నుంచి కూడా అది పోవచ్చు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఇది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా తెలపకుండా "కొనండి" అన్న మాటను వాడకూడదని ఒక చట్టం చేసి 2025 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చింది. ఆ చట్టం మనకు వర్తించదు కాబట్టి, ఆ మాటను అద్దెగానే అర్థం చేసుకుని ధర కట్టాలో వద్దో నిర్ణయించుకోండి.

ఆపే పద్ధతి

యాప్‌ను ఫోన్ నుంచి తీసివేస్తే చందా ఆగదు. మామ నష్టపోయింది ఇక్కడే కనుక ఈ మాటను గట్టిగా చెబుతున్నాను. ముందుగా యాప్‌లోకి గానీ ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోకి గానీ వెళ్లి, ఖాతా వివరాలలో చందాను రద్దు చేయాలి. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే అక్కడి చెల్లింపులు, చందాల విభాగంలోను, ఐఫోన్‌లో అయితే సెట్టింగులలో మీ పేరు కింద ఉండే చందాల జాబితాలోను రద్దు చేయాలి. రద్దు చేసేటప్పుడు "నిజంగానే వెళ్లిపోతున్నారా", "సగం ధరకు ఇస్తాము" వంటి తెరలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. రద్దు పూర్తయిందని స్పష్టంగా రాసి ఉన్న చివరి తెర కనిపించేంత వరకు పని ముగియలేదనే అనుకోవాలి. ఆ తెరను, ఆ తరువాత వచ్చే ఈమెయిల్‌ను దాచుకోండి. సాధారణంగా, కట్టిన గడువు ముగిసే దాకా చూసుకొనే వీలు ఉంటుంది కాబట్టి, చేరిన రోజే రద్దు చేసినా చాలా యాప్‌లలో నష్టం లేదు.

రెండవ పని యూపీఐ యాప్‌లో ఉంది. అందులో ఆటోపే లేదా మాండేట్లు అన్న విభాగాన్ని తెరిస్తే మీరు ఇచ్చిన అనుమతులన్నీ వరుసగా కనిపిస్తాయి. ఆ కంపెనీ మాండేట్‌ను అక్కడ కూడా రద్దు చేయండి. కార్డు మీద ఇచ్చిన అనుమతి అయితే బ్యాంకు ద్వారా రద్దు చేసుకోవాలి. యాప్‌లో మాత్రమే ఆపితే అనుమతి ఖాతా మీద మిగిలిపోవచ్చు. మాండేట్‌ను మాత్రమే ఆపితే కంపెనీ పుస్తకంలో మీరు ఇంకా చందాదారుగానే ఉండవచ్చు. అందుచేత రెండు చోట్లా ఆపాలి.

రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఖాతా నుంచి పడే ఇటువంటి ప్రతి కోతకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం రావాలి, అప్పుడు కూడా వద్దని చెప్పే వీలు ఉండాలి. 2021 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ పద్ధతిలో తొలుత 5,000 రూపాయలు దాటిన కోతలకు ప్రతిసారీ ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరిగా ఉండేది. 2022లో ఆ పరిమితిని 15,000కు పెంచారు. ఓటీటీ చందాలన్నీ ఆ పరిమితికి ఎంతో దిగువన ఉంటాయి గనుక, మొదటి పిన్ తరువాత మనలను అడిగేవారు ఉండరు. కాబట్టి ఆ 24 గంటల మెసేజే మనకు మిగిలిన ఒకే ఒక్క కాపలా. ఇంట్లో పెద్దలకు ఆ మెసేజ్‌ను ఒకసారి తెరిచి చూపించి, ఏ అంకె మొత్తమో, ఏది తేదీయో వేలు పెట్టి చెప్పండి. అందులో యాప్ పేరు కాక, దానిని నడిపే కంపెనీ పేరు ఉండవచ్చు.

కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకవద్దు. వెతికితే దొరికేవాటిలో మోసగాళ్ల నంబర్లు కూడా ఉంటాయి. 299 రూపాయలు తిరిగి ఇస్తామని చెప్పి, ఫోన్ తెరను పంచుకొనే యాప్ వేయించి, ఖాతా మొత్తం ఖాళీ చేస్తారు. అటువంటి మోసం జరిగితే ఆలస్యం చేయక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఎవరిని అడగాలి

ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. సినిమా హాలులో టికెట్ ధరను మన రాష్ట్రంలో 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద ప్రభుత్వం నిర్ణయిస్తుంది. పెంచాలన్నా ఉత్తర్వు కావాలి. కేబుల్, డీటీహెచ్ ధరల మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పర్యవేక్షణ ఉంటుంది. ఓటీటీ ధరకు ఈ రెండూ వర్తించవు. 2021 ఫిబ్రవరి నాటి సమాచార సాంకేతిక (ఐటీ) నియమాలు ఓటీటీలకు ఫిర్యాదుల అధికారి ఉండాలని, 15 రోజులలో జవాబు ఇవ్వాలని చెప్పినా, ఆ భాగం దృశ్యాలు, సంభాషణలు, వయసు వర్గీకరణల గురించే తప్ప మన లెక్క గురించి కాదు. ఒక సన్నివేశంపై అభ్యంతరం ఉన్నవారికి మూడు అంచెల వ్యవస్థ కట్టిన ప్రభుత్వం, చెప్పకుండా కోత పడినవారికి అటువంటిది ఏర్పాటు చేయకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

మనకు పనికివచ్చేది వినియోగదారుల రక్షణ చట్టం, 2019. దాని కింద 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల నివారణ మార్గదర్శకాలు వచ్చాయి. పదమూడు రకాల మోసపు అమరికలను అవి పేరుపేరునా నిషేధించాయి: చేరడం తేలికగా, విడిచిపోవడం కష్టంగా ఉంచే చందా ఉచ్చు, అసలు ధరను చివరి తెర దాకా దాచడం, లేని తొందరను కల్పించడం వంటివి. అయితే ఆ మార్గదర్శకాలలో విడిగా శిక్ష లేదు. అసలు చట్టాన్నే ఆశ్రయించాలి. 2025 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మూడు నెలలలో మీ యాప్‌లను మీరే తనిఖీ చేసుకోండని ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు సూచించింది. తూకం వేసేవాడి చేతికే రాళ్ల తనిఖీని కూడా అప్పగించడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలో, స్పష్టమైన అనుమతి లేకుండా ప్రైమ్‌లో చేర్చుకున్నారని, రద్దును కష్టతరం చేశారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో అమెజాన్ 250 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది; అందులో 150 కోట్లు అక్కడి వినియోగదారులకు తిరిగి చెల్లించడానికే. కడపలో చందా కట్టినవారికి అందులో ఒక్క రూపాయి కూడా రాదు. మన ఫిర్యాదు మనమే రాసుకోవాలి.

ముందుగా కంపెనీకి ఈమెయిల్ రాయండి. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి; తెలుగులో మాట్లాడవచ్చు. 24 గంటల ముందు సమాచారం రాకుండానే కోత పడితే బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజులలో పరిష్కారం రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. ఇవేవీ ఫలించనప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వివాదాలన్నీ ముంబయిలోనో బెంగళూరులోనో తేల్చుకోవాలని, మధ్యవర్తి దగ్గరకే వెళ్లాలని కంపెనీ షరతులలో రాసి ఉండవచ్చు, భయపడవద్దు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. మధ్యవర్తిత్వ షరతు వినియోగదారుల ఫోరాన్ని ఆపలేదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. అయినా మూడు వందల రూపాయల కోసం అంగడి మూసి వాయిదాలకు తిరగడం అందరికీ సాధ్యం కాదు కాబట్టి, 1915 దశలోనే గట్టిగా పట్టుబట్టడం మేలని నా అనుభవం.

ఫిర్యాదును కోపంతో కాక తేదీలతో నింపాలి. మామ తరఫున నేను రాసినది ఇంచుమించు ఇలా ఉంది: "ఫలానా తేదీన ఒక రూపాయి ట్రయల్‌లో చేరాము. నెలకు 299 రూపాయలు పడుతుందన్న సంగతి యాప్‌లోని మొదటి తెర మీద లేదు. ఆ తరువాత ఈ ఐదు తేదీలలో ఈ మొత్తాలు కోత పడ్డాయి. ఈ కాలంలో ఆ ఖాతా నుంచి ఒక్క సినిమా కూడా చూడలేదు, మీ రికార్డులలో పరిశీలించుకోవచ్చు. ఇది 2023 మార్గదర్శకాలలోని చందా ఉచ్చు కిందికి వస్తుంది. 1,495 రూపాయలు తిరిగి ఇచ్చి, మాండేట్‌ను రద్దు చేసినట్లు రాతపూర్వకంగా తెలపండి." దానికి బ్యాంకు స్టేట్‌మెంట్‌ను జతచేశాము. ఈమెయిల్‌కు మొదట యంత్రం రాసిన జవాబు వచ్చింది. 1915లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ సంఖ్యను మళ్లీ కంపెనీకి పంపిన తరువాత మూడు నెలల కోత, అంటే 897 రూపాయలు, వెనక్కి వచ్చాయి. మిగిలిన 598 రూపాయల కోసం రెండవసారి రాశాము. ఆ ఫిర్యాదు సంఖ్యను మామ అంగడి గోడ క్యాలెండరు మీద, గల్లాపెట్టె ఎదురుగా రాసి పెట్టుకున్నాడు.