పిల్లలకు కథ చెప్పడం – 4వ పాఠం: ముందు వాహనం, తర్వాతే మిఠాయి

పోయిన పాఠంలోని సింటర్‌క్లాస్ కథ, అంటే నెదర్లాండ్స్‌లో తెల్లగుర్రమెక్కి వచ్చి పిల్లలకు కానుకలిచ్చే తాత కథ చెప్పి, మీలో చాలామంది అవ్వల చేత తిట్లు తిన్నారు. పిల్లలు బూటులో మిఠాయి కోసం ఎదురుచూస్తారు అనగానే కడప ఇళ్లలో ఒకటే మాటంట: "చెప్పుల్లో తినేవి పెడతారా యాడన్నా? ఏం కథలు చెప్తాండావమ్మా పిల్లోళ్లకి!"

అవ్వ అడిగినదాంట్లో తప్పేం లేదు. మీరు గుర్రాన్ని వదిలేశారు. పిల్లలు బూటులో ముందు పెట్టేది ఆయన తెల్లగుర్రానికి క్యారెట్టో, ఎండుగడ్డో. పొద్దున లేచి చూస్తే మేత ఉండదు, ఆ చోట మిఠాయి ఉంటుంది. ఈ వరసలో చెబితే అవ్వ కూడా ఊ కొడుతుంది.

అందుకే ఎవరి కథైనా నేను వాహనంతోనే మొదలుపెడతాను. వినాయకుడికి ఎలుక, కుమారస్వామికి నెమలి అని తెలిసిన పిల్లలకు ఇది చిటికెలో ఎక్కుతుంది. స్పెయిన్‌లో జనవరి 5 రాత్రి పిల్లలకు కానుకలిచ్చే ముగ్గురు రాజులు ఒంటెల మీద వస్తారు, పిల్లలు ఒంటెలకు నీళ్లు పెడతారు. మిగతాది మీరే అల్లుకోండి.

అదే రాత్రి ఇటలీలో బెఫానా అనే ముసలమ్మ చీపురెక్కి వస్తుంది. పొగగొట్టంలోంచి దిగుతుంది కాబట్టి ఒళ్లంతా మసి. బాలయేసును చూడబోతున్న ముగ్గురు జ్ఞానులు (ఆ ముగ్గురు రాజులే) ఆమెను కూడా రమ్మన్నారట. "ఇల్లు ఊడ్చుకోవాల నాయనా, యాడొచ్చేది?" అంది. (ఈ మాట మన యాసలోనే అనండి, నవ్వకుండా.) తర్వాత మనసు పీకి బయల్దేరింది, ఆ బిడ్డ దొరకలేదు. అప్పటినుంచీ ప్రతి ఇంటి పిల్లల మేజోళ్లలోనూ ఏదో ఒకటి వేసి పోతోంది. అల్లరి పిల్లలకు బొగ్గు. ఇప్పుడైతే బొగ్గులా కనిపించే నల్ల చక్కెర మిఠాయి కూడా అమ్ముతారు. చీపురు లక్ష్మి కదా, దానిమీద కూర్చోవచ్చా అని అవ్వ అడుగుతుంది. అడగనివ్వండి, కథకు మంచిదే.

నాకు ఒళ్లు మండేది జింకల దగ్గర. అందరినీ జింకల బండి ఎక్కిస్తారు, అందరికీ ఎర్రకోటు తొడుగుతారు. ఎనిమిది జింకల బండి 1823లో అమెరికాలో అచ్చయిన ఒక పద్యంతో పేరుకెక్కింది, అది క్రిస్మస్ తాతది. ఆయనకూ సింటర్‌క్లాస్‌కూ మూలం ఒక్కరే, ఇప్పటి టర్కీలోని మైరా బిషప్ నికొలస్. కాబట్టి ఆ ఇద్దరినీ కలిపితే సరే, ఊరుకుంటాను. రాజులకు జింకలెందుకు? బెఫానాకు ఎర్రకోటెందుకు? అందరినీ ఒకే తాతను చేశారంటే పిల్లోడు వెంటనే అడుగుతాడు: "ఇన్ని ఊర్లు తిరిగేటోడు మా ఇంటికెందుకు రాడు?" అప్పుడు మీకు టెన్షన్. ఒక్కో దేశానికి ఒక్కొక్కరని మొదటే తెలిస్తే ఆ ప్రశ్న రాదు.

అభ్యాసం: ఐస్‌లాండ్‌లో గ్రీలా అనే రాక్షసికి పదముగ్గురు కొడుకులు. డిసెంబర్ 12 నుంచి రోజుకొకడు దిగుతాడు: గరిటె నాకేవాడు, తలుపులు దబదబా వేసేవాడు, కొవ్వొత్తులు ఎత్తుకుపోయేవాడు, ఇలా. అల్లరోళ్ల బూటులో కుళ్లిన ఉర్లగడ్డ పెడతారు. పదముగ్గురినీ పదమూడు రాత్రులు చెప్పండి. ఒక్కొక్కరికీ ఒక్కో గొంతు. వీళ్లకు వాహనం లేదు, కొండ దిగి నడిచే వస్తారు. మొదలు ఎలా పెడతారో మీరే చూసుకోండి.