గుండె ఆపరేషన్ కుట్లలో చీము కనిపిస్తే

హన్మకొండ చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చే నర్సును నేను. బైపాస్ అయి ఇంటికొచ్చిన మనిషి దగ్గర ముందు చూసేది విప్పిన బనీనునే. రొమ్ము మధ్యన ఆనే చోట పచ్చటి మరకో, తడో, వాసనో ఉంటే కుట్టు చుట్టూ ఎరుపు, వేడి ఉన్నాయేమో చూస్తాను. తర్వాత ఎముక మీద అరచెయ్యి ఆనించి మెల్లగా దగ్గమంటాను. ఆపరేషన్‌లో నిలువునా కోసి స్టీలు తీగలతో బిగించిన ఎముక అది. లోపల టక్కున కదిలినట్టు తెలిస్తే, చీమో జ్వరమో తోడైతే, ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి పంపిస్తాను. ఇవి ఎక్కువగా డిశ్చార్జి అయ్యాక, మొదటి నెలలోనే బయటపడతాయి.

నర్సంపేట, పరకాల వైపు చాలామంది ముందు ఊళ్లోనే సూది వేయించుకుంటారు. దయచేసి వద్దు. జ్వరం దిగుతుంది గానీ లోపల చీము అలాగే ఉంటుంది. పైగా ఆ సూది మందు వల్ల, చీములో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షలో ఆ క్రిమి దొరక్కపోవచ్చు. గాయం మీద పసుపు, పౌడర్ కూడా వద్దు. ఒళ్లు వణుకుతూ ఆయాసపడుతున్నా, మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి.

చర్మం వరకే ఉంటే ఒకటి రెండు కుట్లు విప్పి, చీము తీసి, సెలైన్‌తో కడిగి, యాంటీబయాటిక్ ఇస్తారు. లోతుకు దిగితే సీటీ స్కాన్, మళ్లీ థియేటర్. తీగలు, చెడిన ఎముక తీసేస్తారు. స్పాంజి పెట్టి, మిషన్‌తో చీమునీరు లాగే వ్యాక్యూమ్ కట్టు వేస్తారు. శుభ్రపడ్డాక ఛాతీ కండరాన్నో, పొట్టలోని కొవ్వు పొరనో తెచ్చి ఆ ఖాళీ నింపుతారు. నరం ద్వారా మందు తరచూ ఆరు వారాల దాకా నడుస్తుంది. "మళ్లీ కోస్తరా బిడ్డా?" అని ఏడ్చే అమ్మలకు నేను చెప్పేది ఒకటే: లోపల చీము పెట్టుకుని పైన మూస్తే ఆ గాయం మానదు.

షుగర్ ఆసుపత్రిలో 180 దాటకుండా చూస్తారు. ఇంట్లో ఎంత ఉండాలో డాక్టరును అడిగి, రోజూ చూసి రాసిపెట్టండి. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని చారన్నంతో సరిపెడతారు, అది నిజం కాదు. కిడ్నీ జబ్బు లేకుంటే రెండూ పెట్టండి, మాంసకృత్తులు లేనిదే గాయం పూడదు. బీడీ మానాల్సిందే. నీళ్ల బిందె ఎత్తొద్దు. లేచేటప్పుడు పక్కకు తిరిగి, దిండు హత్తుకుని లేవాలి.

ఆడవాళ్లకు ఎవరూ చెప్పని మాట: రొమ్ముల బరువుకు కుట్టు సాగుతుంది, కింద చెమట పడుతుంది. ముందు హుక్కులుండే మెత్తటి బ్రా రాత్రీ పగలూ వేసుకోండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, మింగుతున్న మందుల చీటీలు, షుగర్ రాసిన పుస్తకం వెంట తీసుకెళ్లండి.